అబ్లా ఆంటీకి అయిదో మార్పు

వోల్టా ప్రాంతంలోని మా చిన్న పట్నంలో జనన, వివాహాల నమోదు కార్యాలయం ఒకటుంది. అబ్లా ఆంటీ అక్కడ ఇరవై ఆరేళ్లుగా టైపిస్టు. నేను ఆమె పక్క టేబుల్ గుమాస్తాను. ఆమె పని టైపు చేయడమే. కానీ కంప్యూటర్లలో ఆఫీసు సాఫ్ట్‌వేర్ మారినప్పుడల్లా అందరికీ నేర్పేది కూడా ఆమే. పోయిన మే నెలకు ముందే మూడుసార్లు మారింది. "ఆంటీ, ప్రింటు ఎక్కడికి పోయింది?" అని ప్రతి గదిలోంచీ కేకలు వచ్చేవి. ఆమె మోకాళ్లు పట్టుకుని లేచేది.

ఆ మే నెలలో ఒక గురువారం పొద్దున సాఫ్ట్‌వేర్ లైసెన్సు గడువు తీరిపోయింది. పత్రాలు తెరుచుకుంటున్నాయి గానీ ఒక్క అక్షరం మార్చనివ్వడం లేదు. బయట బెంచీలు జనంతో నిండిపోయాయి. కంప్యూటర్లు చూసే సెనాను అనే కుర్రాడు వచ్చి నెత్తి గోక్కున్నాడు.

"అక్రా హెడ్డాఫీసు వాళ్లు లైసెన్సు పొడిగించలేదు ఆంటీ. ఉచితంగా దొరికేది ఒకటుంది, పెట్టేస్తాను. దాదాపు ఇలాగే ఉంటుంది."

"దాదాపా? పోయినసారీ ఇదే మాటన్నావు నాయనా. ఆ దాదాపుతోనే నా నడుం పడిపోయింది."

చెప్పినట్టే అయింది. కొత్తదాంట్లో తెరిస్తే ధ్రువపత్రాల గీతలు చెదిరిపోయాయి. ముద్ర పడాల్సిన గడి రెండో పేజీకి జారింది. మొత్తం నలభై మూడు నమూనాలు. ఆంటీ మూడు వారాలు కూర్చుని ఒక్కొక్కటీ మళ్లీ గీసింది. ఆమె భోజనం డబ్బాలో మొక్కజొన్నపిండితో చేసిన అక్ప్లే ముద్ద రోజూ చల్లారి గట్టిపడేది.

ఒక్కటి మాత్రం కలిసొచ్చింది. మా ఎవె భాషలో తోకలున్న అక్షరాలు కొన్ని ఉన్నాయి. ఇన్నేళ్లూ వాటి చోట ఖాళీ గడులే అచ్చయ్యేవి. సెనాను ఈసారి ఆ అక్షరాలు కూడా ఎక్కించాడు. ఒక ముసలమ్మ తన పత్రం అందుకుని, పేరు మీద వేలు పెట్టి మెల్లగా చదువుకుంది.

"ఇన్నాళ్లకు నా పేరు సరిగ్గా రాశారమ్మా," అంది.

"కూర్చో అవ్వా, ఇంకో కాపీ తీసిస్తాను," అంది ఆంటీ, ఆమె అడగకుండానే.

సెప్టెంబరులో అక్రా నుంచి ఉత్తరువు వచ్చింది. లైసెన్సులు కొన్నారట. సరికొత్తది పెట్టి, ఉచితంగా దొరికినదాన్ని తీసేయాలట. శిక్షణకు మా ఉపాధికారి టామక్లో గారు వెళ్లారు. ఆయన ఒంటివేలితో టైపు చేస్తారు. మూడు రోజులుండి, ఒక సంచీ, ఒక సర్టిఫికెట్ పట్టుకొచ్చారు. సోమవారం ఆయన గదిలోంచి పిలుపు.

"అబ్లా, ఇది ఎలా సేవ్ చేయాలో కాస్త చూపిస్తావా?"

"అక్రాలో ఏం నేర్పారు సార్?"

"భోజనాలు మాత్రం బాగా పెట్టారు."

అందరం నవ్వాం. ఆంటీ నవ్వలేదు.

సాయంత్రం సెనానును ఆపి అడిగింది. "ఆ తోక అక్షరాలు కూడా పోతాయా?"

"అవి పోవు ఆంటీ. తీసేయమన్నది సాఫ్ట్‌వేర్‌నే. అక్షరాలు కంప్యూటర్లోనే ఉంటాయి."

"అదే చాలు," అని కుర్చీలో కూర్చుంది.

నమూనాలు మళ్లీ చెదిరాయి. ఆమె మళ్లీ మొదటిదాని నుంచి మొదలుపెట్టింది. ఈసారి రోజువారీ పని మధ్యలోనే కాబట్టి నవంబరుకు ఇరవై తొమ్మిదే అయ్యాయి. మిగిలినవి నేను చేస్తానన్నాను.

"నువ్వు గీస్తే మళ్లీ నేనే దిద్దాలి," అంది.

మర్నాడు మాత్రం నాలుగు నమూనాల కాగితాలు నా టేబుల్ మీదికి జరిపింది. నేను చేసినవాటిలో మూడు మళ్లీ దిద్దింది. నాలుగోదాన్ని కాసేపు చూసి, దిద్దకుండా అలాగే వదిలేసింది.