హామ్‌స్టర్‌కి వడదెబ్బ వైద్యం

ఊపిరి ఆగిపోయిన ఒక ప్రాణిని నోటితో ఊది బతికించినవాణ్ణి నేను. జాలరిపేట ఇసకలో, నడినెత్తి ఎండలో, చుట్టూ యాభైమంది చూస్తుండగా మోకాళ్ళ మీద కూర్చుని ముమ్మారు ఊదాను. మూడో ఊపిరికి అది కళ్ళు తెరిచింది. జనం చప్పట్లు కొట్టారు.

ఈ కథ ఇంట్లోవాళ్ళకి చెప్పాను. కొత్త అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి చెప్పాను. పళ్ళ డాక్టరుకైతే నా నోట్లో ఆయన చెయ్యి ఉండగానే చెప్పాను. చెప్పినకొద్దీ జనం పెరిగారు, మొదట్లో పదిమందే ఉండేవారు. ఇప్పుడు నిజం రాస్తాను. యాభైమంది లేరు, ఒక్క మనిషి ఉంది. ఊదిందీ లేదు, చప్పట్లూ లేవు. తిట్లు మాత్రం ఉన్నాయి.

ఆ ప్రాణి మా మనవరాలి హామ్‌స్టర్. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: ఎలక్కి దూరపు చుట్టం, తోక ఉందా లేదా అన్నట్టుంటుంది, బుగ్గలు మాత్రం పెళ్ళిభోజనంలో నావంటివి, ఎంత కుక్కినా ఇంకా చోటుంటుంది. గోధుమరంగు ఒళ్ళు, కుడిచెవి దగ్గర తెల్లమచ్చ. దానికి ఓ పేరుంది గానీ, "నా పర్మిషన్ లేకుండా దాని పేరు ఎక్కడా రాయకు తాతా" అంది మనవరాలు. తొమ్మిదేళ్ళది. రాయను.

మేం అబ్బాయి కుటుంబంతో కలిసి దువ్వాడలో ఉండేవాళ్ళం. ఏప్రిల్ మొదట్లో జాలరిపేటకి ఎగువ వీధిలో ఒక ఫ్లాట్‌కి మారాం. ఆ రోజు ఎవరి పని వాళ్ళకి పంచారు. మా ఆవిడ తెల్లవారకుండానే పాలు పొంగించడానికి వెళ్ళింది. అబ్బాయి సామాను లారీతో వెళ్ళాడు. మనవరాలికి ఒంటిపూట బడి, పైగా పరీక్ష. అది ముగిశాక కోడలు తనని ఒంటిగంటకి కొత్తింటికి తీసుకొస్తుంది. హామ్‌స్టర్‌ని మాత్రం లారీలో వెయ్యడానికి మనవరాలు ఒప్పుకోలేదు. "కారులో వెళ్ళాలి. తాతతో." తాతతో అన్నప్పుడు నా ఛాతీ ఎంత పొంగిందో ఇక్కడ పెంచి రాయక్కర్లేదు.

బడికి వెళ్ళేముందు నోట్‌బుక్ కాగితం చింపి నాకు ఆజ్ఞలు రాసిచ్చింది. పాటలు పెట్టకూడదు. హారన్ తక్కువ. నీళ్ళ సీసా వద్దు, కారుతుంది, కీరాముక్క పెట్టు. కాగితం వెనకవైపు ఇంకో మాట ఉంది. దాని సంగతి చివర్లో చెబుతాను. ముందే చెబితే నన్ను చదవడం మానేస్తారు.

చిల్లుల మూత ఉన్న ప్లాస్టిక్ పెట్టెలో రంపపు పొట్టు పరిచి, హామ్‌స్టర్‌ని పెట్టి, ముందుసీట్లో ఉంచి బెల్టు వేశాను. తొమ్మిదింటికి బయల్దేరాం. కూర్మన్నపాలెం దాటేసరికే ఎండ దంచేస్తోంది. గాజువాకలో ట్రాఫిక్ ఆగిపోయింది. అటూ ఇటూ బొగ్గు లారీలు, మధ్యలో నా చిన్న కారు, అందులో గుప్పెడంత ప్రాణి.

ఇక్కడ నా వృత్తి గురించి చెప్పాలి. ముప్పయ్యొక్క ఏళ్ళు ఉక్కు ఫ్యాక్టరీలో కోక్ ఓవెన్ల మీద పనిచేశాను. బొగ్గుని కాల్చి కోక్ చేసే పొయ్యిలవి. వాటి పైకప్పు మీద నడిస్తే చెప్పు అడుగు మెత్తబడుతుంది. అక్కడ మాకు తెలిసిన శత్రువు ఒక్కటే, వేడి. మనిషి తూలి పడ్డాడంటే ఒకటే వైద్యం: నీడకి లాగు, బొత్తాలు విప్పు, తడిగుడ్డ వెయ్యి, ఉప్పు మజ్జిగ పట్టు, గాలి తగలనీ. అలా బతికించిన వాళ్ళు వందమంది. సరే, ఆరుగురు. ఆ ఆరుగురు మాత్రం నిజం.

ఆ వైద్యం నాతో ఇంటికీ వచ్చింది. మా ఆవిడ ఏ దుఃఖంతో ఏడ్చినా గ్లాసుడు చల్లటి నీళ్ళిచ్చి, ఫ్యాను పెంచి, పక్కగదిలోకి పోయేవాణ్ణి. చల్లబడితే అన్నీ సర్దుకుంటాయని నా లెక్క. ఒకసారి ఆవిడ అడిగింది కూడా, "ఏటండీ, నానేవైనా పొయ్యినా?" అని. నవ్వేసి ఊరుకున్నాను. ఆ ప్రశ్న నాకు అర్థం కావడానికి ఒక హామ్‌స్టర్ కావలసివచ్చింది.

గాజువాకలో ఏసీ పూర్తిగా పెంచాను. వారం కిందటే గ్యాస్ నింపించాను, గాలి కత్తిలా వస్తోంది. ఆ గాలిని సరిగ్గా పెట్టె చిల్లుల మీదికి తిప్పాను. హామ్‌స్టర్ ఉండలా ముడుచుకుంది. పగలు నిద్రపోయే జాతి కదా, పడుకుంది అనుకున్నాను. హాయిగా ఉంది కాబోలని దానికి నా ఉద్యోగం కథలు చెప్పడం మొదలెట్టాను. ఎదురుచెప్పని శ్రోత.

మద్దిలపాలెం దగ్గర పక్కకి ఆపి మూత తీస్తే, పక్కకి ఒరిగి ఉంది. వేలితో కదిపాను. కదల్లేదు. కాళ్ళు బిగుసుకున్నాయి.

వడదెబ్బ! నా బుర్రకి ఇంకో మాట తట్టలేదు. పక్క కొట్లో మజ్జిగ ప్యాకెట్ కొని, చిటికెడు ఉప్పు అడిగి కలిపి, వేలికొనతో మూతికి రాశాను. చేతిరుమాలు తడిపి ఒంటికి చుట్టాను. మళ్ళీ ఏసీ ముందు పట్టుకున్నాను. ముప్పయ్యొక్క ఏళ్ళ అనుభవమంతా ఆ గుప్పెడు ప్రాణి మీద పెట్టాను. అది కర్రముక్కలా అయిపోయింది.

అప్పుడు ఏం చేశానంటే... రాయడానికి చెయ్యి రావట్లేదు. ఏడవలేదు. నేరుగా ఆ వీధిలోనే ఉన్న పెంపుడు జంతువుల షాపుకి నడిచి, "గోధుమరంగుది, కుడిచెవి దగ్గర తెల్లమచ్చ ఉన్నది ఉందా?" అని అడిగాను.

షాపువాడు నన్ను పైనుంచి కిందికి చూశాడు. "మచ్చలు చెప్పి అడుగుతున్నారేంటి సార్? పోయిందా?"

"లేదు, లేదు. దానికి తోడు కోసం."

"ఇవి తోడుంటే కొట్టుకు చస్తాయి సార్. ఒంటరివి," అన్నాడు. బూడిదరంగువే ఉన్నాయి. ఆ రోజు గోధుమరంగుది ఉండి ఉంటే ఈ జ్ఞాపకం రాసేవాణ్ణి కాదు. దొరకకపోవడం వల్ల మంచివాణ్ణయ్యాను.

పన్నెండు కావస్తోంది. ఇంక మిగిలింది ఒకటే: పూడ్చిపెట్టి, పెట్టె మూత ఊడి పారిపోయిందని చెప్పడం. జాలరిపేట ఒడ్డుకి వెళ్ళాను. తెప్పలు ఒడ్డెక్కేశాయి. వేట ముగిసి వలలు ఎండుతున్నాయి. ఒక పడవ నీడలో కూలబడి చేత్తో ఇసక తవ్వుతున్నాను.

"ఏటి తాతా, ఏటి పూడ్సేత్తన్నావ్?"

తలెత్తితే, చేపల తట్ట పక్కన పెట్టుకుని ఓ ఆడమనిషి నిలబడి ఉంది. ఆవిడకీ నాకూ పదేళ్ళ తేడా ఉండదు. అయినా తాతా అంది. ఆ పూట దానికి కూడా బాధపడే తీరిక లేకపోయింది.

"మా మనవరాలి హామ్‌స్టరమ్మా. వడదెబ్బకి పోయింది."

"ఎలక!" అంది. "ఎలక్కి గొయ్యి తీసినోణ్ణి ఈ పేటలో నాను సూడనేదు. ఇటియ్యి." చేతిలోంచి లాక్కుంది. తడిరుమాలు విప్పి పారేసింది. చేపని బేరమాడేటప్పుడు చూసినట్టే బొటనవేలితో పొట్ట నొక్కి చూసింది. "వడదెబ్బేటి నీ మొకం! అయిసులో ఎట్టిన సేపలాగుంది. మంచుపెట్టిలో తెచ్చినావేటి దీన్ని?"

"ఏసీలో..."

"సచ్చిపోనేదు. సలికి కొయ్యయిపోనాది. సలికాలం ఏటకెల్లొచ్చి మా మావ ఇలాగే కర్రగట్టీసీవోడు. నోట్లో మాట రాదు, కళ్ళు తిప్పడు. అలాటప్పుడు తడిగుడ్డ కప్పుతారేటి ఎవులైనా?"

హామ్‌స్టర్‌ని రెండు అరచేతుల మధ్య పెట్టి, చేతుల్ని కొంగులో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అంతే. ఊదలేదు, కుదపలేదు, మందు వెయ్యలేదు. తట్టలో చేపలు ఎండకి వాడుతున్నాయని నేనంటే, "నీళ్ళు జల్లు, ఊరికే కూకున్నావు కదా," అంది. ఆవిడ బాటిల్లోని నీళ్ళు జల్లుతూ, ఒంటిగంటకి మనవరాలొచ్చేస్తుందని చెప్పుకుంటూ కూర్చున్నాను. అరగంట. ఆ అరగంటలో ఆవిడ నన్ను తిట్టిన తిట్లలో కొన్ని నాకు కొత్తవి. "సదూకున్నోడివేనా?" అన్నది మాత్రం పాతదే.

ఉన్నట్టుండి తిట్టడం ఆపింది. కొంగు కాస్త తెరిచి, "మీసం సూడు," అంది.

మీసం కదిలింది. తర్వాత ముక్కు. ఒంటినిండా వణుకు పుట్టి, ఇంకాసేపటికి ఓ కన్ను తెరిచింది. నాకు కళ్ళు మసకబారాయి. ఇందులో పెంచి రాసిందేమీ లేదు.

కృతజ్ఞత ఎలా చెప్పుకోవాలో తెలీక జేబులో చెయ్యి పెట్టబోతే, "ఎలక్కి నానేటి పురుడోసినానా డబ్బులు తీసుకోడానికి? పో, పిల్లొచ్చీసే ఏళయినాది," అని తట్ట నెత్తికెత్తుకుంది.

ఒంటిగంటకి కొత్తింట్లో ఉన్నాం. మనవరాలు పెట్టె తెరిచి హామ్‌స్టర్‌ని ముక్కు దగ్గరికి తీసుకుంది. "తాతా, దీనికి చేపల వాసనేంటి?"

మా ఆవిడ అటు తిరిగింది. "పాలు పొంగించిన రోజు ఇంట్లోకి నీసు తెచ్చినారా?"

అప్పుడు, అందరూ నా వంక చూస్తుండగా, నోటితో ఊదిన కథ పుట్టింది. సముద్రపు ఒడ్డున ఎండకి సొమ్మసిల్లితే నేను బతికించాను. పదిమంది జాలర్లు చూశారు. మనవరాలు నా మెడ పట్టుకుని వేలాడింది. ఆ బరువు ఎంత బాగుందంటే, కథని వెనక్కి తీసుకోలేకపోయాను.

రెండు వారాలు అలా గడిచాయి. ఓ సాయంత్రం హామ్‌స్టర్‌ని భుజం మీద పెట్టుకుని మనవరాలు అంది, "ఇవి రెండేళ్ళే బతుకుతాయంట తాతా. మా క్లాసులో ఓ అబ్బాయి చెప్పాడు. దీనికి ఏడాదిన్నర."

"ఊఁ."

"నాకేం భయం లేదన్నాను. ఊపిరి ఆగిపోతే మా తాత ఊదుతాడని చెప్పాను."

దంతాలు బయటపెట్టి నవ్వుతోంది. ఇంతమందికి చెప్పిన అబద్ధాన్ని నిజంగా నమ్మి, దాని మీద బరువు మోపిన మనిషి ఈ పిల్ల ఒక్కతే. ఆరు నెలల్లో ఆ రోజు వస్తుంది. అప్పుడు నా ముందు చేతులు చాపి నిలబడుతుంది, ఊదు తాతా అని.

చెప్పేశాను. తడిరుమాలు, మజ్జిగ, షాపు, గొయ్యి, చేపలావిడ, అన్నీ. ఆఖరికి కాగితం వెనకవైపు మాట కూడా. "ఏసీ గాలి నేరుగా తగలకూడదు. చలికి చచ్చినట్టు పడుకుంటాయి." చూడలేదని అనొచ్చు. చూశాను. కోక్ ఓవెన్ల మీద ముప్పయ్యొక్క ఏళ్ళు చేసినవాడికి వేడి సంగతి తొమ్మిదేళ్ళ పిల్ల చెప్పేదేమిటని మడిచి జేబులో పెట్టుకున్నాను.

మనవరాలు అరవలేదు. హామ్‌స్టర్‌ని తీసుకుని తన గదిలోకి పోయి తలుపు వేసుకుంది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. వంటగదిలో మా ఆవిడ పక్కన కూర్చున్నాను. నీళ్ళివ్వలేదు, ఫ్యాను వెయ్యలేదు, ఊరికే కూర్చున్నాను. "ఏటండీ, ఒంట్లో బాగోనేదా?" అని నా నుదురు పట్టుకుని చూసింది.

మూడోరోజు హామ్‌స్టర్ గోళ్ళు కత్తిరించడానికి పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. అబ్బాయికి తీరిక లేదు. మనవరాలు కారు తాళాలు తెచ్చి నా ముందు పెట్టింది.

ముందుసీట్లో పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఉక్కపోత భరించలేక, ముందు తననే అడిగి, ఒకటో నంబరు మీద ఏసీ వేశాను. తన వైపు గాలి వచ్చే చోట చిన్న అరచెయ్యి అడ్డంగా పెట్టింది.

"తాతంటే నమ్మకం లేదా?"

పెట్టె వంక ఓసారి చూసి, "ఉంది," అంది.

డాక్టరు ఇల్లు వచ్చేదాకా చెయ్యి మాత్రం తియ్యలేదు.