మడతలో మిరప పొడి

ప్రేమదాసు షెడ్డు జగ్గయ్యపేట నుంచి చిల్లకల్లు పోయే రోడ్డు మీద ఉంది. బోర్డు మీద 'లారీ ఎయిర్ బ్రేకులు' అని మాత్రం ఉంటుంది. ఆ మూడు ముక్కల వెనక ముప్ఫై ఏళ్ల చాకిరీ ఉంది.

పదో తరగతి తప్పిన ఏడాది, పత్తి చేలో కూలికి పోనని ఇంట్లో మొండికేసి, ముక్త్యాల సిమెంటు లారీలు బాగుచేసే చోట చేరాడు. మొదటి రెండేళ్లు జిడ్డు తుడవడంతోనే సరిపోయింది. గాలి బ్రేకుల పని ఎవరూ నేర్పలేదు. నేర్పితే రేపు తమకే పోటీ వస్తాడని మేస్త్రీల భయం. వాళ్లు టీకి పోయినప్పుడు లారీ కిందకి దూరి, చేతి వెనకవైపు తడుపుకుని గొట్టాల వెంబడి జరిపేవాడు. చర్మానికి ఎక్కడ చల్లగా తగిలితే అక్కడ గాలి పోతోందని తనకు తానే తెలుసుకున్నాడు. ఆ తర్వాత గరికపాడు దగ్గర ఆగిపోయిన ట్రావెల్స్ బస్సులకు తిత్తులు మార్చడం కూడా పట్టుబడింది. తిత్తులంటే స్ప్రింగులకు బదులు బండి బరువు మోసే రబ్బరు సంచులు. వాటిలో గాలి ఉంటే బండి నిలబడుతుంది, పోతే కూలబడుతుంది. వెనక చక్రాల దగ్గర అలాంటి తిత్తులే ఉన్న పెద్ద కారు ఈ చుట్టుపక్కల ఒకటే ఉంది. అది పెద్ద ఆసామి బుల్లిబాబు గారిది.

ఆగస్టులో ఒకరోజు ఆ కారు వెనక కుడి చక్రానికి మేకు దిగింది. దగ్గర్లో ఉన్నది ప్రేమదాసు షెడ్డే. బుల్లిబాబు గారి కొడుకు నవీన్‌బాబు అక్కడే ఆపాడు. ప్రేమదాసు ముందు కారు తనంతట తాను లేవకుండా దిగకుండా మీట ఆపి, ఆ తర్వాతే జాకీ పెట్టాడు. బస్సులకు ఎలా చేసేవాడో దీనికీ అలాగే చేశాడు. పంక్చరు వేసి పంపించాడు. మూడో రోజు పొద్దున, ప్రయాణానికని రాత్రే సామాను నింపి పెట్టిన కారు ఆ కుడి వైపే నేలకి కరుచుకుని ఉంది.

నవీన్‌బాబు నేరుగా లారీల యార్డుకి వచ్చి, పదిమంది లారీ ఓనర్లు టీ తాగుతుండగా, లారీ మేస్త్రీ చెయ్యి పెట్టాడు, నా బండి కుంటిదైంది అన్నాడు. మాటకి ఆధారం ఏమిటని ఎవరూ అడగలేదు. అంత పెద్ద కారు ఉన్నవాణ్ణి ఆధారం అడిగే అలవాటు ఇక్కడ లేదు. ఆ వారం కల్యాణ్ అనే ఓనరు తన మూడు లారీలను నందిగామ మేస్త్రీకి మళ్లించాడు. మిగతావాళ్లూ వెనకాడారు.

కారు హైదరాబాదు షోరూములో మూడు రోజులు ఉంది. ఖాళీ బండికి సబ్బునీళ్లు చల్లి చూశారు, ఎక్కడా బుడగ రాలేదు. రాకపోయేసరికి రెండు తిత్తులూ, గాలి నింపే కంప్రెసరూ అన్నీ మార్చాలని, నెలన్నర పడుతుందని చెప్పి పంపేశారు.

ఈ కబురు తెలిసి ప్రేమదాసు బుల్లిబాబు గారింటికి వెళ్లాడు. ఎవరూ పిలవలేదు. నవీన్‌బాబు గేటు దగ్గరే అడ్డుపడి, చేసింది చాలదా అన్నాడు. లోపల్నుంచి బుల్లిబాబు గారు విన్నారు.

"చూడనీరా. చూస్తే అరిగిపోద్దా?"

ప్రేమదాసు ఒక్కటే కోరాడు. "తప్పు నాదైతే ఇంక మీ బండి వంక చూడను. కాదనుకోండి, ఆ మాట చెప్పిన చోటే నవీన్‌బాబు గారు నా తప్పు లేదని చెప్పాలండి."

నవీన్‌బాబు నవ్వి సరేనన్నాడు. ఆ అవసరం రాదని అతని ధీమా.

మర్నాడు సాయంత్రం కారు షెడ్డుకి వచ్చింది. తండ్రీ కొడుకులిద్దరూ వచ్చారు. ప్రేమదాసు ఛాసిస్ కింద దుంగలు పేర్చి, మీద పడినా ప్రాణానికి ఢోకా లేదని చూసుకున్నాకే కిందకి దూరాడు. సబ్బునీళ్లు పూశాడు. బుడగ లేదు. చెయ్యి తడిపి పెట్టాడు. చల్లదనం లేదు. నవీన్‌బాబు ఫోను చూసుకుంటూ, షోరూమువాళ్లకే దొరకలేదు మరి అన్నాడు.

"ఖాళీ బండిని చూస్తే ఏం తెలుస్తదండి. లారీనైనా లోడు మీదే చూస్తాం," అన్నాడు ప్రేమదాసు. ఏడు సీట్లూ నిండాలన్నాడు. పక్కనే సిమెంటు బస్తాలున్నాయి, అవి పెడదామన్నాడు. తెల్లటి తోలు సీట్ల మీద సిమెంటా అని బుల్లిబాబు గారు ఒప్పుకోలేదు.

అప్పుడే పత్తి చేలో కలుపు తీసి వస్తున్న ఆడవాళ్లు ఆటో దిగారు. ఐదుగురు, అందరూ ప్రేమదాసు పేటవాళ్లే. ముందు గ్రేసీ ఉంది, అతనికి పిన్ని వరస. ప్రేమదాసు పిలిచి కారెక్కమన్నాడు. ఆమె కారు వంకా బుల్లిబాబు గారి వంకా చూసింది.

"కాళ్లకి బురదుందిరా దాసూ."

"నాక్కావల్సింది బరువు పిన్నీ."

బుల్లిబాబు గారు ఆ బురద కాళ్ల వంక చూశారు. ముప్ఫై ఏళ్లుగా ఆ ఆడవాళ్లు ఆయన చేలో వంగారు గానీ ఆయన బండి ఎప్పుడూ ఎక్కలేదు. చివరికి ఎక్కండమ్మా అన్నారు. నవీన్‌బాబు సీట్ల మీద గబగబా పేపర్లు పరిచాడు.

"నాకు చదువు రాదు బాబూ. దీని మీద కూచుంటే ఏవన్నా అంటుద్దేమో," అంది గ్రేసీ. లోపల అందరూ నవ్వారు. బుల్లిబాబు గారు కూడా నవ్వి, ముందు సీట్లో తన భారీకాయం సర్దుకున్నారు. నవీన్‌బాబు స్టీరింగు దగ్గర కూర్చున్నాడు.

వెనక వరసలో ముగ్గురు కూర్చునేసరికి కుడి తిత్తి మడత విచ్చుకుంది. నురగలో ఒక బుడగ లేచింది, దాని వెనక వరసగా పది. కింద ఉన్న ప్రేమదాసు మొహం దగ్గరగా పెట్టాడు. బుస్సుమని గాలి తగిలింది, కన్ను భగ్గుమని మండింది. నీళ్లు కారుతున్న కంటితోనే నురగ వంక చూశాడు. అది ఎర్రగా ఉంది.

బయటికొచ్చి కన్ను కడుక్కుని, "బండిలో మిరపకాయలు ఎప్పుడేశారు బాబూ?" అన్నాడు.

బుల్లిబాబు గారు సీట్లోంచి కొడుకు వైపు తిరిగారు. మార్చిలో మబ్బు పట్టినప్పుడు ట్రాక్టరు దొరకలేదని, సీట్లు మడిచి, కింద పట్టా పరిచి, నందిగామ కోల్డ్ స్టోరేజీకి ఒకే ఒక్కసారి తోలానని నవీన్‌బాబు నసిగాడు.

"ఎన్ని బస్తాలు?"

"పదకొండు నాన్నా."

"ఆ చేలో దారి లేని దారెంట ఈ బండి తోలావా? సిమెంటు బస్తా పెడతానంటే వద్దన్నాన్రా నేను."

ప్రేమదాసు విప్పి తీసిన తిత్తిని బెంచీ మీద పెట్టి చూపించాడు. కొత్తగా తెగితే రబ్బరు లోపల నల్లగా మెరుస్తుంది. ఈ పగులు అంచులు తెల్లబారి నున్నగా అరిగిపోయి ఉన్నాయి. మిరప పొడి కలిసిన కళ్లం దుమ్ము మడతలో ఇరుక్కుని, బరువు మీద రాసుకుని రాసుకుని కోసేసింది. కారిపోయిన గాలిని కంప్రెసరు ఎప్పటికప్పుడు నింపుతూ వచ్చింది, అందుకే ఐదు నెలలు ఎవరికీ తెలియలేదు. మార్చి దుమ్ము పగులు లోపల పేరుకుని ఉంది. తను చెయ్యి పెట్టింది ఆగస్టులో. ఇంతకంటే అతను చెప్పనక్కరలేకపోయింది.

మార్చాల్సింది ఆ ఒక్క తిత్తే. హైదరాబాదు నుంచి పార్సెల్లో తెప్పించాడు. బండి గాల్లో వేలాడుతుండగా బోల్టులు బిగిస్తే రబ్బరు మెలిపడుతుందని, బరువు దించి, నిలబడే ఎత్తుకి వచ్చాక అప్పుడు బిగించాడు. నందిగామ నుంచి స్కానరు ఉన్నతన్ని పిలిపించి, వెనక రెండు వైపుల ఎత్తూ కంప్యూటర్లో సరిచేయించాడు. ఒక పగలూ ఒక రాత్రీ బండిని కదపలేదు. పొద్దున కొలిస్తే వెంట్రుకవాసి తేడా లేదు.

ఆ సాయంత్రం ట్రయలు. లోడు మీదే చూడాలని మళ్లీ గ్రేసీ వాళ్లనే ఎక్కించాడు. ఈసారి స్టీరింగు దగ్గర ప్రేమదాసు, పక్కన నవీన్‌బాబు. కారు గతుకుల మీద నీళ్ల మీద పడవలా పోయింది. లారీల యార్డులో టీకొట్టు ఎదురుగా ఆపి, టేపు తీసి నవీన్‌బాబు చేతిలో పెట్టాడు.

కల్యాణూ మిగతావాళ్లూ చుట్టూ చేరారు. నవీన్‌బాబు వంగి కొలిచాడు, ఎడమా కుడీ.

"సమానంగానే ఉంది. సరిపోయింది," అని కారెక్కబోయాడు.

ప్రేమదాసు తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. గొంతు పెంచలేదు.

"ఎందుకు కూలిందో కూడా చెప్పండి బాబూ."

నవీన్‌బాబు టేపు చుట్టాడు, విప్పాడు, మళ్లీ చుట్టాడు.

"మార్చిలో మిరపకాయలు తోలాను. అప్పుడే పగిలింది. దాసు తప్పేం లేదు. నేనే తొందరపడి అన్నాను."

ఆ మాట అందరి చెవినా పడిందో లేదో ప్రేమదాసు ఒక్కో మొహమే చూసుకున్నాడు. చూశాక పక్కకి జరిగి దారిచ్చాడు. ముప్ఫై ఏళ్లలో ఏ బండి కింది నుంచి లేచినప్పుడూ అతని నడుము అంత నిటారుగా లేదు.

కల్యాణ్ దగ్గరికొచ్చి చెవి గోక్కున్నాడు. "దాసన్నా, మన పెద్ద బండికి బ్రేకు గాలి నిలవట్లేదు. రేప్పొద్దున పంపనా?"

"రేపు కుదరదు కల్యాణ్, బళ్లున్నాయి. ఎల్లుండి తొమ్మిదింటికి పంపు."

ప్రేమదాసు కారు తిప్పాడు. మర్నాడు అతని షెడ్డులో ఒక్క బండి కూడా లేదు.