ఫ్లాష్ తల తిప్పిన రోజు

మొన్న సత్తెనపల్లిలో దూరపు బంధువుల పెళ్ళికి వెళ్ళి, భోజనం కూడా చెయ్యకుండా తిరిగొచ్చాను. ఫొటోగ్రాఫరు కెమెరా మీది ఫ్లాష్‌ను పెళ్ళికూతురి మొహానికి సూటిగా ఎక్కుపెట్టి, లక్షణంగా చామనచాయలో ఉన్న పిల్ల పిండిబొమ్మలా కనబడేదాకా పవరు పెంచుకుంటూ పోతుంటే, చుట్టూ చేరిన ఆడవాళ్ళు బాగుంది బాగుందని మెచ్చుకుంటుంటే, నాకు ఒళ్ళు మండిపోయింది. నరసరావుపేటలో ఏళ్ళ తరబడి స్టూడియో నడిపినవాణ్ణి కదా, నాలుగు మాటలు చెబుదామని దగ్గరదాకా వెళ్ళాను గానీ, ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఆ పని నేనూ చేశాను, అదీ తోడబుట్టిన అక్కకు.

మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, రీలు కెమెరాలు పోయి డిజిటల్ వచ్చిన కొత్త. పాత ఫ్లాష్‌నే కొత్త కెమెరా మీద తగిలించి, దాని కరెంటు దెబ్బకు కెమెరానే కాల్చుకున్నవాళ్ళను చూసి భయపడి, నేను విజయవాడ వెళ్ళి కొత్త ఫ్లాష్ కొన్నాను. కొట్టువాడు వెలుగు చానా ఎక్కువంటూ తల కదలని బండ ఫ్లాష్ ఒకటి అంటగట్టబోయాడు. నాకు కావలసింది తల పైకీ పక్కకూ తిరిగేది. మొహం మీదకు కొట్టకుండా తెల్లటి పైకప్పుకు కొడితే, వెలుగు మెత్తగా కిందికి దిగి, మనిషి మనిషిలాగే పడతాడు. నీలం గోడలున్న ఇంట్లో పక్క గోడకు కొట్టి, ఒక పెళ్ళికొడుకు మొహం నీలంగా తెప్పించి తిట్లు తిన్నాక, ముందు గోడ రంగు చూసుకోవాలని కూడా తెలిసొచ్చింది.

మా అక్కను గురజాల దగ్గర పల్లెకిచ్చారు. మిరపచేలల్లో ఎండకు కాగీ కాగీ నల్లరేగడి రంగు తేలిన మనిషి. కడుపులో గడ్డ ముదిరిపోయిందని గుంటూరు డాక్టర్లు చెప్పాక, కూతురి పెళ్ళికి తొందరపెట్టింది. పెళ్ళికి వారం ముందు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "ఒరేయ్, నాది ఒక్క ఫొటో సక్కంగా తియ్యరా, పిల్లకు నేనుండాల" అంది. అప్పటిదాకా ఆమెకున్నది రేషనుకార్డు మీద అలుక్కుపోయిన బొమ్మ ఒక్కటే.

పెళ్ళిరోజు చర్చికి బయల్దేరే ముందు, తెల్లచీర కట్టిన మేనకోడల్నీ అక్కనూ ముందుగదిలో నిలబెట్టాను. తెల్లచీరను చూసి ఫ్లాష్ మోసపోతుంది, వెలుగు సరిపోయిందనుకుని తగ్గించుకుంటుంది, మొహాలు చీకటిపడతాయి. అందుకని కాస్త పెంచి, తలను పైకెత్తి, సున్నం వేసిన శ్లాబుకు కొట్టాను. అంత మంచి ఫొటో నేను మళ్ళీ తియ్యలేదు. అక్క కళ్ళ కింద గీతలతో సహా, ఉన్నదున్నట్టుగా పడింది. కెమెరా వెనక తెరలో చూసుకుని, "నేను ఇట్టాగే ఉంటాన్రా" అని నవ్వింది.

రీలు కెమెరా అయ్యుంటే ఆ బొమ్మ భద్రంగా ఉండేది. ఈ దిక్కుమాలిన తెర ఉండబట్టే వియ్యపురాలు వచ్చి తొంగిచూసింది. "ఏంది, ఇంత నల్లగా పడ్డారు? మావాళ్ళకు చూపించబళ్ళా?" అంది. ఆవిడ మీద నా కోపం ఈనాటికీ చల్లారలేదు. అంతకంటే ఎక్కువ కోపం మా బావ మీద, పెళ్ళాం పక్కనుండగానే తలొంచుకుని, లైటు పెంచరా అన్నందుకు. ఇక నా మీద నాకున్న కోపం చెప్పనలవి కాదు. బుద్ధి గడ్డితిని, ఫ్లాష్ తల దించి, ఇద్దరి మొహాలకూ సూటిగా పెట్టి, ఉన్న పవరంతా పెంచి కొట్టాను. సున్నం పూసిన కుండల్లా పడ్డారు. వియ్యపురాలు సంతోషించింది. కెమెరా మెమరీ కార్డులో చోటు చాలదు, మొదటిది ఇంకెందుకులే అనుకుని, నా బొటనవేలితో నేనే దాన్ని చెరిపేశాను. అక్క చూస్తూనే ఉంది గానీ, ఆ బటను ఎందుకో ఆమెకు తెలియదు.

ఆల్బం తీసుకెళ్ళేసరికి అక్క మంచం పట్టింది. అట్టలన్నీ తిప్పి, మొదట తీసినది ఏదిరా అని అడిగింది. పెద్దది చేయిస్తున్నానక్కా, తెస్తాను అన్నాను. వెళ్ళినప్పుడల్లా అడిగేది, అదే అబద్ధం చెప్పేవాణ్ణి, చెప్పినప్పుడల్లా నమ్మేది. ఆ నెలాఖరుకు పోయింది. చివరికి గోడకెక్కింది ఆ తెల్లమొహమే.

ఇప్పటి ఫోన్లు ఎవరూ అడక్కుండానే మొహాలకు తెలుపు పూసేస్తున్నాయి. మన రోజుల్లో ఆ పాపం చెయ్యడానికి ఒక మనిషి ఉండేవాడు, తిట్టుకోవడానికైనా దొరికేవాడు. మేనకోడలి కూతురు ఇప్పుడు ఏడో తరగతి, అచ్చం మా అక్కే, అదే రంగు, అదే నుదురు. పోయిన ఆదివారం వెళితే, గోడమీది ఫొటో చూపించి, అమ్మమ్మ అంత తెల్లగా ఉంటే నేనెవరి పోలికని నల్లగా పుట్టాను తాతయ్యా అని అడిగింది. ఇన్నాళ్ళూ దిగమింగుకున్నది ఆ రోజు కక్కేశాను. మీ అమ్మమ్మది నీ రంగేనమ్మా, ఆ తెలుపు నేను చేసిన తప్పు అన్నాను. పిల్ల నన్నూ గోడనూ మార్చి మార్చి చూసి, నేను ఏడుస్తానని అట్టా చెబుతున్నావులే తాతయ్యా అంది.