లిఫ్టు మెకానిక్ సైలస్, కంపెనీ లాయరు

సైలస్ లిఫ్టు మెకానిక్. ఐటీఐ అయిన దగ్గర్నుంచీ ఒకే కంపెనీ. తిరుమలగిరిలో అద్దె ఇల్లు, సికింద్రాబాద్ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో డ్యూటీ. ఎవరైనా లిఫ్టులో ఇరుక్కుంటే ముందు బయటినుంచి మాట కలిపి, వాళ్ల భయం తగ్గాకే తలుపు తీసేవాడు.

కాప్రాలో ఒక అపార్ట్‌మెంటులో లిఫ్టు పడిపోయింది. మెట్లు ఊడ్చే ఎల్లమ్మ అందులో ఉంది. రెండు కాళ్లూ విరిగాయి. బ్రేకు అరిగిందని సైలస్ అంతకుముందే చూశాడు. లిఫ్టు ఆపేద్దామని మేనేజర్ మధుసూదన్‌కు ఫోన్ చేస్తే, "కొత్త బ్రేకు వచ్చేదాంక నడిపియ్. బిల్డింగోళ్లు రోజూ నా తల తింటున్నరు" అన్నాడు. సైలస్ నడిపించాడు.

పోలీసు కేసయింది. కంపెనీ తన సొంత విచారణ కోసం హిమజ అనే లాయర్‌ను పెట్టుకుంది. సైలస్ ఆమె దగ్గరికి వెళ్లబోతుంటే మధుసూదన్ వరండాలో అతని భుజం పట్టుకున్నాడు.

"పరేషాన్ గాకు. మేడమ్ మనోళ్లే. లాయర్‌కు చెప్పింది బయటికి పోదు. ఫోన్ సంగతి మాత్రం నువ్వు తియ్యకు, నేను జూసుకుంట."

లోపల హిమజ వెంటనే ప్రశ్నలు అడగలేదు.

"ముందే ఒక మాట చెప్పాలి. నేను కంపెనీ లాయర్‌ని, మీ లాయర్‌ని కాదు. ఇక్కడ మాట్లాడేది రహస్యమే. కానీ ఆ రహస్యం మీద హక్కు కంపెనీది. మన మాటలు మీరు బయట చెప్పకూడదు. కంపెనీకి కావాలనిపిస్తే పోలీసులకు ఇచ్చుకోవచ్చు. నేనూ ఆపలేను, మీరూ ఆపలేరు."

సైలస్ అడిగాడు: "అంటే నేను చెప్పింది నా మీదికే రావొచ్చా మేడమ్?"

"రావచ్చు."

"చెప్పకపోతే?"

"ఉద్యోగం ఉంటుందో లేదో నేను చెప్పలేను."

లేచి వెళ్లిపోదామనుకున్నాడు. కానీ ఆసుపత్రికి చూడ్డానికి వెళ్లినప్పుడు ఎల్లమ్మ తనవైపు చూసిన చూపు గుర్తొచ్చింది. అంతా చెప్పేశాడు, ఫోన్ సంగతితో సహా. మధుసూదన్ పేరు వినగానే హిమజ తలెత్తి చూసింది. తర్వాత మళ్లీ రాసుకుంది.

వారం తిరక్కుండానే స్టేషన్ నుంచి పిలుపొచ్చింది.

"అరిగిన బ్రేకుతో లిఫ్టు నడిపింది నువ్వేనని ఒప్పుకున్నవంట గదా. మీ కంపెనీయే రాసిచ్చింది" అన్నాడు ఎస్సై. అతను చూపించిన కాగితంలో ఫోన్ ఊసే లేదు.

నోటిదాకా వచ్చిన ఫోన్ సంగతిని సైలస్ మింగేశాడు. బయట చెప్పకూడదు కదా! రేపు వస్తానని బతిమాలి, తిన్నగా మోండా మార్కెట్ వెనక గల్లీలో ఉండే వకీలు జకర్యా దగ్గరికి పోయాడు. ఇద్దరిదీ ఒకే చర్చి.

జకర్యా మొత్తం విన్నాడు. "ఆ మేడమ్‌కు నువ్వేం చెప్పినవో, దాని జోలికి పోకు. గా ముచ్చట కంపెనీది. కానీ బ్రేకు జూసింది నువ్వు, ఫోన్ జేసింది నువ్వు. జరిగింది జరిగినట్టు చెప్పనీకి ఎవలు అడ్డం? నీ కండ్లు సుత కంపెనీయేనా?"

"జాబ్ పోతది అన్నా."

"పోతది. కేసు సుత నీ మీద ఉంటది. నడిపింది నువ్వే గదా."

తెల్లారి సైలస్ జకర్యాను వెంటబెట్టుకుని స్టేషన్‌కు పోయాడు.

"కంపెనీ లాయర్‌తో ఇంకేం చెప్పినవ్?" ఎస్సై గద్దించాడు.

"అది నేను చెప్పరాదు సార్. లిఫ్టు కాడ ఏమైందో చెప్తా, రాసుకోండ్రి."

బ్రేకు సంగతి, ఫోన్ సంగతి అన్నీ వరసగా చెప్పాడు. ఫోన్ కంపెనీ నుంచి పోలీసులు వివరాలు తెప్పించారు. ఆ కాల్ ఉంది. మధుసూదన్‌ను కూడా ముద్దాయిగా చేర్చారు. సైలస్ పేరు మాత్రం తీసెయ్యలేదు. ఆ నెలాఖరుకే ఉద్యోగం పోయింది.

కేసు ఇంకా నడుస్తోంది. సైలస్ ఇప్పుడు సొంతంగా రిపేర్లు చేసుకుంటున్నాడు. పోయినసారి వాయిదాకు ఎల్లమ్మ చేతికర్రతో కోర్టుకు వచ్చింది. సైలస్ పక్కనే బెంచీ మీద కూర్చుంది.

"ఆ రోజే లిఫ్టు ఆపితే అయిపోతుండె గద బిడ్డా" అంది.

"అవునమ్మా" అన్నాడు సైలస్. లోపల ఇంకెవరి కేసో పిలుస్తున్నారు.