తగిలినవాళ్లే చెప్పాలి

బిందుమాధవి వారంలో అయిదు రోజులు డెంటల్ హైజీన్ చదువుతుంది. శని, ఆదివారాలు ఇనుము తొడుక్కుని ఒక రాజుగారి కొలువులో ఉంటుంది. ఆ రాజుగారు మామూలు రోజుల్లో ఇన్సూరెన్స్ ఏజెంటు. వాళ్లుండే నోవై ఊరికి నలభై మైళ్ల అవతల, అద్దెకు తీసుకున్న మైదానంలో శనివారం పొద్దున వెలిసే ఆ రాజ్యం ఆదివారం సాయంత్రానికి గుడారాలతో సహా వ్యాన్లెక్కి వెళ్లిపోతుంది.

పిల్లకి పంతొమ్మిదేళ్లు. పాతకాలపు యుద్ధాల ఈ ఆటలో ‘నైట్’ అనే వీరుల బిరుదు పొందాలని, దాని గుర్తుగా నడుముకి తెల్ల బెల్టు కట్టాలని మూడేళ్లుగా మార్సీ దగ్గర శిష్యరికం చేస్తోంది. మార్సీ స్కూల్ బస్సు నడుపుతుంది. ఇక్కడ మాత్రం నైట్, సర్ మార్సీ. ఈ యుద్ధంలో టేపు చుట్టిన బెత్తం కర్రే కత్తి. అంపైర్ పాయింట్లివ్వడు. దెబ్బ గట్టిగా తగిలిందో లేదో తిన్నవాళ్లే చెప్పాలి. తగిలితే ‘డెడ్’ అని పడిపోవాలి, చాలకపోతే ‘లైట్’ అనాలి. ఎదుటివాళ్లు మారు మాట్లాడకూడదు.

“కొట్టడం ఎవరికైనా వస్తుంది,” అనేది మార్సీ. “పెద్దలు చూసేది నువ్వెలా చస్తావన్నదే.”

రెండువేల పదకొండు మార్చిలో మార్సీ తన చెల్లెలి గరాజ్ నుంచి ఒక పాత హెల్మెట్ తెచ్చిచ్చింది. మొహమంతా కప్పేసే ఇనప డబ్బా, కళ్ల దగ్గర సన్నటి చీలిక. లోపలి మెత్తలు కొత్తవి వేయించారు. అయినా, ఎవరో అప్పుడే తీసి ఇచ్చినట్టు వెచ్చగా ఉండేది.

“ఆ తపేలా నెత్తిన పెట్టుకుని నా ఎదురుగా రాకే తల్లీ. పెళ్లిచూపులకొచ్చినవాళ్లు పారిపోతారు,” అంది తల్లి నళిని.

“గుడ్ అమ్మా. అదే కావాలి.”

ఆ నెల నుంచి బిందు గెలవడం మొదలుపెట్టింది. జూన్‌లో ఒకరోజు తండ్రి గౌరీశంకర్ హెల్మెట్‌ని కిటికీ దగ్గర తిప్పి చూశాడు. ఆయన కార్ల బ్రేకులు టెస్ట్ చేసే ఇంజనీరు.

“ఈ సొట్టలు కొత్తవి. ఇంత లోతు పడ్డాయంటే మెడ పట్టేయాలే. నొప్పి లేదూ?”

“లేదు డాడీ. నాకేం ఫీల్ అవ్వలేదు.”

ఆయన హెల్మెట్‌ని బల్ల మీద పెట్టి చేతులు కడుక్కున్నాడు.

ఆగస్టు ప్రాక్టీసులో కర్టిస్ అనే నర్సు ఆమె మీదికి కర్ర దింపాడు. పక్క గదిలో గిన్నె మోగినట్టు వినిపించింది. వెంటనే, “లైట్.” గొంతు ఆమెదే. కాని ఆమె పళ్లు బిగించే ఉన్నాయి. కర్టిస్ తలవంచి వెనక్కి తగ్గాడు.

ఈ హెల్మెట్ ఎవరిదని ఆ సాయంత్రం బిందు మార్సీని అడిగింది.

“మా చెల్లెలి మొగుడు హాల్‌ది. పన్నెండేళ్లు ఆడాడు, బెల్టు ఇవ్వలేదు. ఎంత గట్టిగా కొట్టినా తగల్లేదనేవాడు. ఫిబ్రవరిలో గుండెనొప్పి వచ్చి పోయేముందూ అదే అన్నాడట.”

వేరే హెల్మెట్ చేయించాలంటే మూడు నెలలు. టోర్నమెంటుకి మూడు వారాలే ఉన్నాయి. బిందు తనకు తను చెప్పుకున్న కారణం ఇదే. గెలుస్తోంది కూడా.

టోర్నమెంటు రోజున తాడు అవతల ఏడుగురు పెద్దలు మడత కుర్చీల్లో కూర్చున్నారు. అందరికీ తెల్ల బెల్టులే. బిందుకి బెల్టు ఇవ్వాలో వద్దో భోజనాలయ్యాక తేలుస్తారు. నళిని మొదటిసారి చూడ్డానికొచ్చింది, పులిహోర డబ్బాతో.

ఆఖరి పోటీ కర్టిస్‌తో. మూడో నిమిషంలో కర్ర నీడ చీలికకు అడ్డంగా దిగింది. మైదానమంతా ఠంగుమంది. ఆమెకు మాత్రం ఏమీ తెలియలేదు. తెలియకపోయినా, అది తగిలిందని తెలుసు. పడిపోదామనుకుంది. మోకాళ్లు వంగలేదు.

‘డెడ్’ అనబోయింది. “లైట్,” అంది హెల్మెట్.

కర్టిస్ తలవంచాడు. ఎవరూ మారు మాట్లాడరు. ఊరుకుంటే బెల్టు ఆమెదే. మళ్లీ ప్రయత్నించింది. మళ్లీ “లైట్.” ఈసారి కాస్త విసుగ్గా.

అప్పుడు ఇంట్లో మాట్లాడే భాషలో అంది. ఆ మాట అడ్డు లేకుండా బయటికొచ్చింది.

“అమ్మా, నేను చచ్చాను.”

నళిని చేతిలో డబ్బా కిందపడింది. “ఏవిటే ఆ మాటలు!”

“ఏమంటోంది?” అని పోటీ నడిపే మార్షల్ నళినిని అడిగాడు.

“నేను చెప్పను,” అంది నళిని. కన్నకూతురి మీద ఆ మాట ఏ తల్లి నోటికొస్తుంది?

“చెప్పమ్మా. ప్లీజ్. నేను చెప్తే రావట్లే.”

“లైట్,” అంది అదే హెల్మెట్‌లోంచి అదే గొంతు. “ఫైట్ ఆన్.”

నళిని రెండు గొంతులూ విన్నది. పెళ్లయి ఈ దేశం వచ్చిన నాటి నుంచి వింటున్న ఇంగ్లిష్, పుట్టిన నాటి నుంచి వింటున్న కూతురు. రెండోది తన పిల్ల. మొదటిది కాదు. తాడు పట్టుకుని, ఏడుగురు పెద్దలకూ వినపడేలా ఇంగ్లిష్‌లో చెప్పింది: “నా కూతురు చచ్చిపోయింది.”

బిందు మోకాళ్లు వంగాయి. గడ్డిలో బోర్లా పడింది.

బెల్టు ఇవ్వలేదు. మూడు వారాల తర్వాత మార్సీ ఆ కారణం చెప్పింది. దెబ్బ తగిలితే తిన్నవాళ్లకి తెలుస్తుంది కదా, రెండుసార్లు ‘లైట్’ అని, ఆఖరికి తల్లి చేత చెప్పించిందేమని పెద్దలు అడిగారట.

“ఏం చెప్పమంటావు వాళ్లకి?” అంది మార్సీ.

ఆ రెండుసార్లూ అన్నది తను కాదని బిందు చెప్పొచ్చు. హాల్ కూడా పన్నెండేళ్లు అలాంటి సాకే ఏదో చెప్పి ఉంటాడు.

“నేనే అన్నానని చెప్పు,” అంది బిందు.