ఏటవాలు వెలుతురు

లైబ్రరీలో నా ఎదుటి కుర్చీలో ఒక పరిశోధక విద్యార్థిని కూర్చునేది. కలకత్తాలోని మెటియాబ్రుజ్ పేట తెలుగువాళ్ల పిల్ల కాబట్టి అక్కా అని పిలిచేవాణ్ణి. సోలార్ పలక మీద కంటికి ఆననంత సన్నగా చెక్కిన గాళ్ల వరస ఉంటుంది. దానిపై పడిన వెలుతురు ఏమవుతుందో కంప్యూటర్లో లెక్కగట్టడం ఆమె పని. ఎవరేమన్నా ముందు అరచేతిని ఏటవాలుగా నిలబెట్టేది, జవాబు తర్వాత.

ఒకరోజు ఆమెతో పనిచేసే సీనియర్ వచ్చాడు; బెంగాలీవాళ్ల అలవాటున అతన్ని దాదా, అంటే అన్నా, అని పిలిచేది. "నిటారు వెలుతురు చాలు. ఏటవాలుదానికి వేల గాళ్లు లెక్కలోకి తేవాలి, మన మెషిన్ మోయలేదు. ఒప్పుకోకపోతే పేపర్లో నీ పేరుండదు" అన్నాడు బెంగాలీలో.

అరచెయ్యి లేచింది. "సూర్యుడు రోజంతా నడినెత్తినే ఉంటాడా, దాదా? తీసెయ్యండి పేరు."

అతను వెళ్లాక నావైపు తిరిగింది. "గాళ్లన్నీ ఒక్కలాటివే గదరా తమ్ముడూ. వాలుగా వచ్చిన అల పక్కదాన్ని కాస్త ఆలీసంగా తాకుతాది. ఆ ఆలీసం లెక్కలో కలిపేస్తే ఒక్క గాడి సాలదేటి?"

అలల మీద ఆ లైబ్రరీలో ఉన్న పుస్తకాలన్నీ చదివినవాణ్ణి, నాకు వెంటనే అర్థమైంది.

దాదా పేపరు ఆమె పేరు లేకుండానే వెళ్లింది. ఆమె మాత్రం ఒక్క గాడితో లెక్క ముగించి, బయట పెద్ద మెషిన్ మీద పూర్తి వరసతో కష్టపడి ఒక్కసారి చేయించిన లెక్కతో పోల్చింది. రెండూ కలిశాయి. సంగతి తెలిసి దాదా మళ్లీ వచ్చి, "ఇద్దరం కలిసి రాద్దామా?" అన్నాడు.

"రాయడం అయిపోయింది, దాదా. ఒక్క పేరే పట్టింది."