పట్టుపురుగుల ఇంటికి దేవుడొచ్చిన పొద్దు

ఆ రోజుల్లో మా పల్లెకు కబుర్లు పూలబుట్టలో వచ్చేవి. పుంగనూరు నుంచి బుట్ట నెత్తిన పెట్టుకుని వచ్చే మనిషిని అందరూ పూలక్క అనేవాళ్లు. పూలు మూర పెట్టి కొలిచేది గాని, మాటలకు ఆమె దగ్గర కొలత లేదు. దేవుడు మా ఇంటికి వస్తున్నాడన్న కబురు మొట్టమొదట మోసుకొచ్చింది కూడా ఆమే. "ఏం పాపా, రేపు తెల్లారేసరికి భజన మీ ఇంటికే వస్తాండాదంట గదా! చిడతల తాత నాకాడ బుట్టెడు చామంతులు చెప్పినాడు. ఈ తూరి సాంబ్రాణికి ఇంత పెద్ద కుంపటి చేయించినారంట!" అని చేతులు బారచాపి చూపించింది. ధనుర్మాసంలో రోజుకొక ఇంటికి దేవుడి పటం పల్లకీలో రావడం మా ఊరి ఆచారం. వంతు వచ్చిందంటే ఏ ఇంట్లోనైనా సంబరమే. మా ఇంట్లో మాత్రం అమ్మ గరిటె కింద పెట్టింది, నాయన నావైపు చూశాడు, నేను నడింటి తలుపు వైపు చూశాను. ఆ తలుపు వెనక తట్టల నిండా పట్టుపురుగులున్నాయి. (తెలియనివాళ్ల కోసం చెబుతాను: పట్టుపురుగుకు పొగ పడదు. బీడీ పొగైనా, దేవుడి పొగైనా దానికి ఒకటే. తగిలితే ఆకు తినడం మానేస్తుంది. తినని పురుగు గూడు కట్టదు.)

అప్పటికి నాకు పదిహేడో పద్దెనిమిదో. బడి దూరమని నన్ను పంపలేదు. అమ్మే పొయ్యి పక్కన కూర్చోబెట్టి, నేల మీద బొగ్గుతో అక్షరాలు దిద్దించింది. (నా చేతిరాత ఇప్పటికీ కొంచెం మాడినట్టే ఉంటుంది.) దేవుడి పాటలు చదవగలిగేదాన్ని, లెక్కలు చేయగలిగేదాన్ని. కానీ ఇది నాది, దీన్ని నేను చేశాను అని చెప్పుకోవడానికి ఏదీ లేదు. కుప్పంలో మా మేనమామ పట్టుపురుగులు పెంచేవాడు. ఒకసారి అక్కడికి వెళ్లినప్పుడు, అవి ఆకు తింటుంటే వచ్చే చప్పుడు విన్నాను. చెట్ల మీద సన్నగా వాన పడుతున్నట్టు ఉంది. ఇంటికి వచ్చాక నాయనను నిలవనీయలేదు. చివరికి విసుగొచ్చి, బావి కింద పొలం చెక్కలో పురుగుల మేతకు మల్బరీ నాటించాడు. "ఒక్క పంట సూస్తా. గూడు కట్టలేదనుకో, అంతా పెరికేసి మళ్లా సెనిక్కాయే ఏస్తా. అప్పుడు నువ్వు నోరెత్తేదానికి లేదు" అన్నాడు. నేను సరేనన్నాను. ఆ సరే ఎంత బరువో అప్పటికి తెలియదు.

మామ గుడ్లు తెచ్చి ఇచ్చి, ఏవి కూడవో వేళ్ల మీద చెప్పి బస్సెక్కాడు. ఆ రోజు నుంచి మా ఇల్లు ఇల్లు కాదు. అమ్మ పొయ్యిని పెరట్లోకి మార్చి, పోపు ఘాటైనా తగలకూడదని పోపులేని పప్పు వండింది. నాయన బీడీ కాల్చాలంటే చేని గట్టు, గెనిమ దాకా నడిచేవాడు, వచ్చాక పుక్కిలించి, చొక్కా మార్చుకుంటే తప్ప నేను గడప దాటనిచ్చేదాన్ని కాదు. "నా ఇంట్లోకి నేను పోయేదానికి పరీచ్చ రాయాల్నా?" అని ఊరంతా వినేలా అరిచేవాడు, తర్వాత చొక్కా మార్చుకునేవాడు. అందరికంటే కష్టం మా అవ్వది. నాయనను కన్న ఆ తల్లికి దేవుడు ముక్కులో నుంచే లోపలికి వచ్చేవాడు. ఊదుబత్తి వెలిగించకుండానే పటం ముందు గుచ్చి, "ఎలిగించినట్టే అనుకో సామీ" అనేది. సాయంత్రమైతే పక్కింటామెతో మాటలున్నాయని గోడ దగ్గర నిలబడేది. అటువైపు సాంబ్రాణి వేసే వేళకే ఆ మాటలు గుర్తొచ్చేవి.

పూలక్క కబురు విని ఊరుకోలేక, చిడతల తాత ఇంటికి పోయాను. భజనకు ఆయనే పెద్ద.

"తాతా, రేపు మా ఇంటికాడ సాంబ్రాణి వద్దు."

"ఏమ్మే, మతి గాని పోయిందా? దేవుడికి సాంబ్రాణి వద్దనేదానికి నువ్వెవురు?"

"దేవుడికి వద్దనలేదు తాతా. పురుగులకి పడదు."

"పురుగుల కోసరం దేవుడు ఆగాల్నా?"

"వాటిని పుట్టించింది ఆయనే గదా. గూడు కట్టేదాకా ఆగండి, మళ్లా ఎంత పొగైనా ఏసుకోండి."

"వంతు మార్చేదానికి లేదు. పో, పొయ్యి ముగ్గేసుకో" అని చిడతలు తుడుచుకోవడంలో పడిపోయాడు.

ముగ్గు వేశాను. నడింటి తలుపుకు, కిటికీలకు తడి గోనెసంచులు కట్టాను. సందుల్లో పేడమట్టి మెత్తాను. సామీ, నిన్ను రావద్దనడం లేదు, నువ్వు రావాలి, ఆ కుంపటిని మాత్రం దారిలో ఎక్కడైనా మరిచిపో అని మొక్కుకున్నాను.

మరిచిపోలేదు. తెల్లవారుజామున పల్లకీ కంటే ముందు కుంపటే వచ్చింది. నేను వీధిలోకి దిగి, గడపకు అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాను. చిడతలు ఆగిపోయాయి. "ఓయమ్మా, దేవుడికే అడ్డం నిలబడిందే ఈ పిల్ల!" అని ఎవరో బుగ్గలు నొక్కుకున్నారు. "దేవుడు లోపలికి రావాల. కుంపటి మాత్రం ఈడ్నుంచి ఎనక్కి పోవాల" అన్నాను. చిడతల తాత నా వెనక చెంబుతో నిలబడ్డ అవ్వను చూసి, "నువ్వన్నా సెప్పమ్మా నీ మనవరాలికి" అన్నాడు. అవ్వ ముందుకొచ్చింది. కుంపటి మీదికి వంగి, నెల రోజులకు సరిపడా ఒక్క శ్వాస లోపలికి పీల్చింది. "సామీ, ఈ పాపం నా పేరున ఏసుకో" అని, పల్లకీ మోసేవాళ్ల కాళ్లు కడగడానికి తెచ్చిన చెంబెడు నీళ్లూ నిప్పుల మీద కుమ్మరించింది.

ఉద్దేశం గొప్పది. ఫలితం అట్లా లేదు. బుస్సుమని లేచిన పొగలో పల్లకీ మాయమైంది, అవ్వ మాయమైంది, మా ఇంటి ముఖం మాయమైంది. వెనకున్నవాళ్లు ఏదో మహిమ అనుకుని "గోవిందా!" అని కేక పెట్టారు. నేను "ఇసరండి! వీధి పక్కకి ఇసరండి!" అని అరిచాను. ముందు కదిలింది చిడతల తాతే. చిడతలు చంకలో దోపుకుని, పైపంచె లాగి, "సూస్తారేందప్పా, ఇసరండి!" అన్నాడు. మగవాళ్లు తువ్వాళ్లతో, ఆడవాళ్లు కొంగులతో, మద్దెల వాయించే ఆయన తాళం తప్పకుండా దరువేస్తుంటే, ఊరు ఊరంతా విసిరింది.

పొగ పలచబడ్డాక లోపలికి పోయాను. పురుగులన్నీ తలలు పైకెత్తి కదలకుండా ఉన్నాయి. చప్పుడు లేదు. లేత ఆకు పరిచి, చేతులు జోడించి కూర్చున్నాను. బయట భజన ఆగిపోయి ఉంది. గోనెసంచి అవతల నుంచి నాయన, "ఏం పాపా?" అన్నాడు, బతిమాలుతున్న గొంతుతో. నేను తట్టల మీదికి చెవి ఒగ్గాను. ఎంతసేపటికో మూల తట్టలో సన్నగా గీరినట్టు వినిపించింది. తర్వాత దాని పక్క తట్టలో. తర్వాత వాన పట్టుకుంది. "తింటాండాయి నాయనా!" అన్నాను. "తింటాండాయంటప్పా!" అని తాత వెనక వరసలకు అందించాడు. దేవుడికి ఆ పొద్దు కర్పూరం లేకుండా, చామంతులే మూడుసార్లు తిప్పి హారతి ఇచ్చారు. ఎప్పుడూ మెచ్చుకోని నాయన చొక్కా విప్పి దులుపుకుంటూ, "దాచిన సెనిక్కాయ ఇత్తనాలు అమ్మేస్తాలే" అన్నాడు.

కొన్నాళ్లకు ఆ పురుగులు కట్టిన గూళ్లు మూటలుగా బస్సు టాపు మీద మదనపల్లెకు అమ్మకానికి పోయాయి. ఆ తర్వాత ఎన్నో పంటలు తీశాం. నేను ఈరోజు నలుగురిలో తలెత్తుకుని ఉన్నానంటే అక్కడి నుంచే. అక్షరాలు దిద్దించిన అమ్మకు, గుడ్లిచ్చిన మామకు, పైపంచె లాగిన తాతకు నా దండాలు. వీధికి అడ్డం నిలబడ్డ ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. ఇప్పుడు బస్సులో కిటికీ పక్క సీటు అడగడానికే నాకు మొహమాటం.

అవ్వ మరుసటి పంట చూడలేదు. ఆ పాపం దేవుడు నిజంగా ఆమె పేరున వేసుకున్నాడని నేననుకోను. అయినా ఎందుకైనా మంచిది, మీరు ఎప్పుడైనా ఆయన ముందు కళ్లు మూసుకుంటే, మా అవ్వను తలుచుకుని ఆమె తరఫున ఒక్క మాట చెప్పండి.